బిల్లు కౌంటర్లో చెప్పిన ఫోన్ నంబర్ యాడ్‌గా ఎలా తిరిగొస్తుంది?

తిరుపతి గాంధీ రోడ్డులో ఏ చీరల షాపుకు వెళ్లినా, నగల షాపుకు వెళ్లినా, బిల్లు వేసే అబ్బాయి ముందు అడిగేది ఫోన్ నంబరే. వెనక జనం నిలబడి ఉంటారు, మనకూ తొందరే. చెప్పేస్తాం. రెండు రోజులు పోయాక ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే అదే షాపు యాడ్ కనిపిస్తుంది. అదీ మనం కొన్న పట్టుచీరకు సరిపోయే బ్లౌజుల యాడ్. "ఫోన్ మన మాటలు వింటోంది" అని ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు.

ఈ అనుమానాన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు. అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 2018లో 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలించారు. యాప్‌లు మైక్‌ను దొంగచాటుగా ఆన్ చేసి మాటలు పంపుతున్నట్టు వాళ్లకు ఆధారం దొరకలేదు. కొన్ని యాప్‌లు స్క్రీన్ మీద జరిగేదాన్ని రికార్డు చేసి బయటికి పంపుతున్నట్టు మాత్రం తేలింది. బ్లౌజుల యాడ్ విషయానికొస్తే, అది రావడానికి మైక్‌తో పనే లేదు. మనం నోటితో చెప్పిన పది అంకెలు చాలు.

## షాపు కంప్యూటర్లో మన గురించి ఏముంటుంది

కస్టమర్ల వివరాలన్నీ ఒకచోట పెట్టి, ఎవరితో ఎప్పుడు ఏం మాట్లాడాలో గుర్తుంచుకునే పద్ధతిని సీఆర్ఎమ్ అంటారు. పెద్ద కంపెనీలకు దానికోసం వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మన ఊరి షాపుల్లో చాలావరకు బిల్లింగ్ సాఫ్ట్‌వేరే ఆ పని చేస్తుంది, లేదంటే ఒక ఎక్సెల్ షీటు.

ఆ షీటులో ఒక్క వరుస చూద్దాం. పేరు, ఫోన్ నంబర్, ఏరియా కొర్లగుంట. పుట్టినరోజు, పెళ్లిరోజు (లక్కీ డ్రా కూపన్ నింపినప్పుడు రాసినవి). చివరిసారి వచ్చింది శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం. కొన్నది రెండు పట్టుచీరలు, ఒకటి పెద్ద అంచు. బిల్లు 23,400. కట్టింది యూపీఐలో. పదకొండు నెలల బంగారు స్కీములో చేరి ఉంటే ఎన్ని వాయిదాలు కట్టారో కూడా పక్కన ఉంటుంది.

విడివిడిగా చూస్తే ఇందులో రహస్యమేమీ లేదు. కలిపి చదివితే చాలా తెలుస్తుంది. గత ఆరు నెలల్లో మూడుసార్లు వచ్చి, ప్రతిసారీ ఎక్కువ మొత్తానికి పట్టుచీరలు కొని, స్కీము వాయిదాలు ముందే కట్టేసిన ఇంట్లో పెళ్లి ఉందని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సంగతి చుట్టాల కంటే ముందు షాపు కంప్యూటర్‌కే తెలిసినా ఆశ్చర్యం లేదు.

షాపు ఇలా నేరుగా కస్టమర్ నుంచి సేకరించుకున్న డేటాను ఫస్ట్ పార్టీ డేటా అంటారు. ఎవరెవరి దగ్గరో కొన్నదో, వెబ్‌సైట్లు మన వెంటపడి పోగుచేసిందో అయితే అది థర్డ్ పార్టీ డేటా. ఈ తేడా ముందు ముందు అవసరమవుతుంది.

## లిస్టులోని మనిషి ఫేస్‌బుక్‌లో ఎలా దొరుకుతాడు

షాపు దగ్గర నంబర్ ఉంది. మన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్లు కూడా చాలామందివి అదే నంబర్ మీద ఉంటాయి. ఈ రెండింటినీ జతచేసే ఏర్పాటును ఫేస్‌బుక్ 2012లో తెచ్చింది. దాని పేరు కస్టమ్ ఆడియెన్స్. గూగుల్ 2015లో కస్టమర్ మ్యాచ్ పేరుతో అలాంటిదే తెచ్చింది. సెర్చ్‌లోనూ, జీమెయిల్‌లోనూ, యూట్యూబ్‌లోనూ యాడ్లు చూపడానికి అది పనికొస్తుంది.

పని ఇలా జరుగుతుంది. షాపు తరఫున యాడ్లు చూసే ఏజెన్సీ కుర్రాడు ఎక్సెల్ షీటును శుభ్రం చేస్తాడు. అంకెల మధ్య ఖాళీలు తీసేసి, ముందు 91 చేర్చి, రెండుసార్లు ఉన్నవి ఒకటి చేస్తాడు. తర్వాత అప్‌లోడ్ చేస్తాడు. నంబర్లు బయటికి వెళ్లేముందే షా-256 అనే లెక్క ద్వారా ఒక్కో నంబర్ 64 అక్షరాలు, అంకెల వరసగా మారిపోతుంది. దీన్ని హ్యాష్ అంటారు. ఒకే నంబర్‌ను ఎవరు, ఎక్కడ ఈ లెక్కలో వేసినా ఒకే వరస వస్తుంది. ఒక్క అంకె మారినా వరస మొత్తం మారిపోతుంది. ఫేస్‌బుక్ తన దగ్గరున్న నంబర్లను కూడా ఇలాగే మార్చి, రెండు వైపులా ఏవి కలిశాయో చూస్తుంది. కలిసినవాళ్లతో ఒక గుంపు తయారవుతుంది.

ఆ గుంపులో ఎవరెవరు ఉన్నారో షాపుకు కనపడదు. సుమారుగా ఎంతమంది అనేది మాత్రం కనిపిస్తుంది. పోల్చి చూశాక ఆ హ్యాష్‌లను తీసేస్తామని కంపెనీ చెబుతోంది.

ఇది నిజంగా జరుగుతోందా అని చూసుకోవాలనుకుంటే, యాడ్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి "ఈ యాడ్ మీకెందుకు కనిపిస్తోంది" అన్నది తెరవండి. షాపు లిస్టులో మీరుంటే, ఆ సంస్థ ఒక లిస్టు వాడిందని అక్కడ రాసి ఉంటుంది. చాలామంది ఆ చుక్కల జోలికే పోరు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో మామూలు మనిషికి దొరికే నిక్కమైన ఆధారం ఆ ఒక్క వాక్యమే.

## కోడ్‌గా మార్చాం కదా, ఇక భయమేముంది?

యాడ్ ఏజెన్సీలు షాపు యజమానికి ధైర్యం చెప్పేది ఈ మాటతోనే. ఇందులో సగమే నిజం.

నిజమైన సగం: హ్యాష్‌ను చూసి వెనక్కి నంబర్ రాబట్టే సూత్రం లేదు. దారిలో ఎవరైనా ఫైలు కొట్టేసినా చూడగానే నంబర్లు కనిపించవు. అది మంచి జాగ్రత్తే.

మిగతా సగం లెక్క వేస్తే అర్థమవుతుంది. మన దేశంలో మొబైల్ నంబర్ 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతుంది. తర్వాత తొమ్మిది అంకెలు. అంటే మొత్తం ఉండగలిగిన నంబర్లు 400 కోట్లు. మనిషికి ఇది పెద్ద సంఖ్య. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఒక్క కంప్యూటర్‌కు 400 కోట్ల నంబర్లకూ హ్యాష్‌లు తీసి పెట్టుకోవడం నిమిషాల పని. ఆ పట్టిక చేతిలో ఉంటే ఏ హ్యాష్ ఏ నంబర్‌దో చెప్పేయవచ్చు. అసలు ఈ ఏర్పాటు పనిచేసేదే మనిషిని గుర్తుపట్టడానికి. గుర్తుపట్టలేకపోతే యాడ్ ఎవరికి చూపిస్తుంది? అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 2024 జులైలో, హ్యాష్ చేసినంత మాత్రాన డేటా అనామకం కాదని కంపెనీలను హెచ్చరించింది.

జర్మనీలో ఇదే విషయం కోర్టుకెక్కింది. బవేరియా రాష్ట్రంలో ఒక ఆన్‌లైన్ షాపు తన కస్టమర్ల ఈమెయిళ్లను హ్యాష్ చేసి ఫేస్‌బుక్‌కు ఇచ్చింది. కస్టమర్లను అడగకుండా ఇలా ఇవ్వకూడదని, ఆ లిస్టు తీసేయాలని అక్కడి డేటా రక్షణ అధికారులు ఆదేశించారు. 2018 సెప్టెంబరులో అక్కడి ఉన్నత పరిపాలనా న్యాయస్థానం కూడా అధికారుల పక్షానే నిలిచింది.

## ఒక్క లిస్టుతో షాపు ఏమేం చేయగలదు

ఒక నగల షాపును ఊహించుకుందాం. లెక్కలు ఉదాహరణకే. దాని దగ్గర 12,000 నంబర్లు ఉన్నాయి. డూప్లికేట్లు, పనిచేయనివి పోగా 9,500. అందులో ఫేస్‌బుక్‌లో కలిసినవి 60 శాతం అనుకుంటే 5,700 మంది.

ఈ 5,700 మందికీ ఒకే యాడ్ వేస్తే అది కరపత్రమే. షాపు అలా చేయదు. స్కీము ఆఖరి వాయిదా కట్టిన 300 మందికి "మీ స్కీము పూర్తయింది, కొత్త హారాల డిజైన్లు చూడండి" అనే యాడ్. రెండేళ్లుగా రానివాళ్లకు తరుగు మీద తగ్గింపు. చెన్నై, వేలూరు నుంచి దర్శనానికి వచ్చి కొన్నవాళ్లకు అదే యాడ్ తమిళంలో. నిన్నో మొన్ననో కొన్నవాళ్లకు యాడ్ రాకుండా తీసేస్తుంది. నిన్న పూర్తి ధర పెట్టి కొన్న మనిషికి ఈ రోజు తగ్గింపు యాడ్ కనిపిస్తే మండిపోతుందని షాపుకు తెలుసు.

అన్నిటికంటే దూరం వెళ్లేది ఇంకొకటుంది. షాపు తన మంచి కస్టమర్ల లిస్టు ఇచ్చి, "ఇలాంటివాళ్లను ఇంకా వెతికిపెట్టు" అని ఫేస్‌బుక్‌ను అడగవచ్చు. దీన్ని లుకలైక్ ఆడియెన్స్ అంటారు. ఒకే దేశానికి చెందిన కనీసం 100 మంది కలిస్తే చాలు, వాళ్లను పోలినవాళ్లను ఆ దేశ జనాభాలో 1 నుంచి 10 శాతం దాకా ఎంచి చూపుతుంది. అంటే ఆ షాపు గడప ఎప్పుడూ తొక్కని మనిషికి కూడా, ఎవరో ఇచ్చిన నంబర్ పుణ్యమా అని యాడ్ వస్తుంది. ఆ మనిషి అనుమతి ఇచ్చే ప్రశ్నే లేదు, ఎందుకంటే అతన్ని అడగాల్సిన షాపుకు అతనెవరో తెలియదు.

## లిస్టు లేకుండా కూడా యాడ్ వస్తుంది

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ప్రతి యాడ్ వెనకా లిస్టు ఉంటుందనుకోవడం తప్పు. కొండ మీద దర్శనానికి 300 రూపాయల టికెట్ బుక్ చేసుకున్న మర్నాడే అలిపిరి దాకా ట్యాక్సీ, రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి కారు అని యాడ్లు మొదలైతే, బుకింగ్ వివరాలు బయటికి పోయాయని వెంటనే అనుకుంటాం. కానీ టికెట్ కోసం వెతికేముందు రైళ్లు చూసి ఉంటాం, తిరుపతిలో రూముల ధరలు చూసి ఉంటాం, శ్రీకాళహస్తి ఎంత దూరమని గూగుల్‌లో అడిగి ఉంటాం. ఆ వెతుకులాట చాలు. ఊళ్లో దిగాక అయితే ఫోన్ ఉన్న చోటే చెబుతుంది. తిరుపతిలో ఉన్న, కానీ తిరుపతివాళ్లు కాని జనానికి చూపించు అని హోటల్ అడిగితే సరిపోతుంది. ఏ లిస్టూ అక్కర్లేదు.

అలాగని లిస్టులు అమ్ముడుపోతాయన్న భయం ఉత్తిదేమీ కాదు. 2022 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ తన ప్రయాణికుల డేటాతో ఆదాయం ఎలా రాబట్టాలో చెప్పే కన్సల్టెంట్ కోసం టెండరు పిలిచింది. గొడవ కావడంతో అదే నెలలో వెనక్కి తీసుకుంది.

## ఇప్పుడే ఎందుకింత ఎక్కువైంది

ఇదివరకు యాడ్లు ఎక్కువగా థర్డ్ పార్టీ కుకీల మీద, అంటే మనం చూసే సైటు కాక వేరే కంపెనీలు మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న గుర్తుల మీద నడిచేవి. ఒక సైటులో చెప్పులు చూస్తే ఇంకో సైటులో అవే చెప్పులు కనిపించేది వాటివల్లే. యాపిల్ తన సఫారీ బ్రౌజర్‌లో 2020లో వాటిని పూర్తిగా ఆపేసింది. 2021 ఏప్రిల్ నుంచి ఐఫోన్‌లో యాప్‌లు మనల్ని వెంటాడాలంటే ముందు అడగాల్సి వస్తోంది. గూగుల్ కూడా క్రోమ్‌లో కుకీలు తీసేస్తానని 2020లో ప్రకటించి, ఏళ్ల తరబడి వాయిదా వేసి, చివరికి 2024, 2025ల్లో ఆ ఆలోచన మానుకుంది. ఈలోగా యాడ్ల వ్యాపారం తన దారి తను చూసుకుంది. కస్టమర్ స్వయంగా ఇచ్చిన నంబర్‌కు విలువ పెరిగింది. బిల్లు కౌంటర్లో అడిగే ఆ ప్రశ్న మర్యాద స్థాయి దాటి పట్టుదల దాకా వచ్చింది. నంబర్ ఇస్తేనే సరుకు ఇస్తామని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో షాపులకు సలహా ఇవ్వాల్సి వచ్చింది.

## షాపుకు నిజంగా లాభమేనా?

షాపువాళ్ల వాదన తీసిపారేసేది కాదు. పెద్ద పెద్ద చైన్ షోరూములు టీవీల్లో సినిమా తారలతో యాడ్లు వేస్తాయి. వెంకటగిరి చీరలు అమ్ముకునే చిన్న షాపుకు ఆ స్తోమత ఎక్కడిది? రోజుకు 500 రూపాయలతో తన పాత కస్టమర్లకు "ఆషాఢం తగ్గింపు మొదలైంది" అని చెప్పుకునే వీలు ఇదొక్కటే. అవసరం లేనివాళ్లకు యాడ్ వేసి డబ్బు తగలేసుకోవడం కంటే ఇది మేలని వాళ్లంటారు. కస్టమర్లలో కూడా కొందరు అదే అంటారు: ఎలాగూ యాడ్లు తప్పవు, పనికొచ్చేవే రానీ అని.

కానీ ఏజెన్సీ చూపించే లెక్కలో ఒక మెలిక ఉంది. 5,000 మంది పాత కస్టమర్ల లిస్టు తీసుకుందాం. అందులో 500 మందిని పక్కన పెట్టి, మిగతా 4,500 మందికే యాడ్ చూపారు. ఖర్చు 36,000 రూపాయలు. యాడ్ చూసినవాళ్లలో 180 మంది వచ్చి కొన్నారు, అంటే 4 శాతం. ఏజెన్సీ రిపోర్టు ఇలా ఉంటుంది: ఒక్కో కస్టమర్‌కు అయిన ఖర్చు 200 రూపాయలు.

ఇప్పుడు యాడ్ చూడని ఆ 500 మందిని చూడండి. వాళ్లలోనూ 18 మంది వచ్చి కొన్నారు. అది 3.6 శాతం. పాత కస్టమర్లు కదా, పండక్కి ఎలాగూ వస్తారు. అదే లెక్కన ఆ 4,500 మందిలో యాడ్ లేకపోయినా 162 మంది వచ్చేవాళ్లు. యాడ్ వల్ల అదనంగా వచ్చింది 18 మందే. అప్పుడు ఒక్కొక్కరికి అయిన ఖర్చు 2,000 రూపాయలు. పైగా 500 మంది చిన్న గుంపు. 18కి బదులు 22 మంది వచ్చి ఉంటే యాడ్ వల్ల లాభమే లేదని తేలేది. అందుకే ఒక్క నెల లెక్కతో ఏదీ తేల్చకూడదు.

ఇలా కొందరిని పక్కన పెట్టి పోల్చడమే నమ్మదగిన కొలత. ఈబే కంపెనీలో పనిచేసిన ఆర్థికవేత్తలు ఇలాంటి పరీక్షే చేశారు. తమ కంపెనీ పేరుతోనే వెతికేవాళ్లకు సెర్చ్‌లో చూపే యాడ్లు ఆపేసినా, వచ్చే జనం దాదాపు అంతేమంది వచ్చారని 2015లో ప్రచురించారు. బంగారం షాపులో ఆఖరి వాయిదా కట్టిన కస్టమర్ సంగతీ అంతే. ఆ మనిషి ఎలాగూ రావాల్సిందే.

## నంబర్ ఒకరిది, కొనుగోలు ఇంకొకరిది

ఈ ఏర్పాటు ఒక మనిషికి ఒక ఫోన్ అనే లెక్క మీద కట్టింది. మన ఇళ్లు అలా లేవు. చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చిన పెద్దామె చీర కొంటే బిల్లు మీద నంబర్ బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకుది. యాడ్ అతనికి పోతుంది. అక్కడితో పోతే నష్టం లేదు.

అదే సంతానం కోసం చికిత్స చేసే క్లినిక్ అయితే? భార్యాభర్తలు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్లారు, భర్త నంబర్ ఇచ్చారు. క్లినిక్ తన లిస్టును అప్‌లోడ్ చేసింది. వారం తర్వాత అదే ఫోన్‌లో పిల్లలు రీల్స్ చూస్తున్నప్పుడో, అత్తగారు భక్తి పాటలు వింటున్నప్పుడో ఆ క్లినిక్ యాడ్ తగులుతుంది. ఎవరూ లిస్టు దొంగిలించలేదు. నంబర్లు కోడ్‌గానే వెళ్లాయి. అయినా ఆ ఇంట్లో జరిగే నష్టానికి లెక్క లేదు. చీరల షాపును, క్లినిక్‌ను ఒకే గాట కట్టకూడదని నేను గట్టిగా అనేది ఇందుకే.

కంపెనీల నియమాలు కొంత అడ్డం పడతాయి. ఆరోగ్యం, మత విశ్వాసం ఆధారంగా వ్యక్తిగత యాడ్లు వేయకూడదని గూగుల్ నియమం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని కంపెనీ మెటా 2022 జనవరిలో ఆరోగ్యం, మతం, రాజకీయాలకు సంబంధించిన ఆసక్తుల వర్గాలను తన యాడ్ల మెనూ నుంచి తీసేసింది. కానీ తిరుపతిలో ఒక హోటల్ కస్టమర్ల లిస్టు దానంతటదే యాత్రికుల లిస్టు. అందులో మతం అనే కాలమ్ అక్కర్లేదు.

## చట్టం ఏమంటోంది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఆ నోటిఫికేషన్ ప్రకారం షాపుల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో మొదలవుతాయి.

చట్టంలో అసలు మాట "దేనికోసం" అన్నది. సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికోసమని తెలిసి ఇచ్చిందై ఉండాలి. అడిగే నోటీసును తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలి. ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకోగలగాలి.

మనంతట మనమే నంబర్ ఇస్తే వేరే సమ్మతి అక్కర్లేని సందర్భం కూడా ఒకటి చట్టంలో ఉంది. షాపులు పట్టుకునేది దీన్నే. అయితే చట్టం దానికిచ్చిన ఉదాహరణ చూడండి. ఒకామె మందుల షాపులో కొని, రసీదు మెసేజ్‌గా పంపమని నంబర్ ఇస్తుంది. రసీదు పంపడానికి షాపు ఆ నంబర్ వాడుకోవచ్చు. ఉదాహరణ అంతవరకే. ఆ నంబర్‌ను యాడ్ల కోసం ఇంకో కంపెనీకి పంపడం రసీదు పంపడం కిందికి వస్తుందని వాదించడం కష్టం. "ఆఫర్లు తెలుసుకోవడానికి" అని కూపన్ మీద సంతకం పెట్టించుకున్న షాపు పరిస్థితి కొంత మెరుగు. అక్కడ కూడా ఆఫర్ మెసేజ్ పంపడం వేరు, నంబర్‌ను ఫేస్‌బుక్‌లో వేయడం వేరు అనే వాదన ఉంటుంది.

18 ఏళ్లలోపు వాళ్లను గురిపెట్టి యాడ్లు వేయడాన్ని చట్టం నిషేధించింది. తిరుపతిలో కోచింగ్ సెంటర్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. లిస్టులోని నంబర్ తండ్రిదా, ఇంటర్ చదివే పిల్లాడిదా అన్నదాన్ని బట్టి అదే యాడ్ చెల్లుతుందో లేదో తేలుతుంది. ఈ విషయంలో తప్పితే 200 కోట్ల దాకా, డేటాకు సరైన భద్రత లేకపోతే 250 కోట్ల దాకా జరిమానాకు వీలుంది.

లోపాలూ ఉన్నాయి. యూరప్ చట్టం ఆరోగ్యం, మతం వంటి వివరాలను ప్రత్యేక వర్గంగా చూసి ఎక్కువ కాపలా పెట్టింది. మన చట్టంలో ఆ విభజన లేదు. చీర బిల్లుకూ, స్కానింగ్ రిపోర్టుకూ ఒకటే కొలత. ఇక డీఎన్‌డీలో నంబర్ నమోదు చేసుకుంటే కాల్స్, ఎస్‌ఎంఎస్‌లు ఆగుతాయి గానీ ఫీడ్‌లో వచ్చే యాడ్ మీద దానికి పట్టు లేదు.

పాత లిస్టుల మాటేమిటని షాపువాళ్లు అడుగుతారు. చట్టం రాకముందు సమ్మతి తీసుకుని ఉంటే, వీలైనంత త్వరగా నోటీసు ఇవ్వాలి. కస్టమర్ వద్దనేదాకా వాడుకోవచ్చు. వద్దన్నాక షాపు తన షీటులో తీసేస్తే సరిపోదు, తన తరఫున ఆ డేటాను వాడుతున్న ఏజెన్సీల చేత కూడా ఆపించాలి. గొడవ వస్తే, నోటీసు ఇచ్చామని, సమ్మతి తీసుకున్నామని రుజువు చేయాల్సింది షాపే. పదేళ్లుగా కౌంటర్లో అడిగి రాసుకున్న నంబర్లకు అలాంటి కాగితం ఎన్నింటికి ఉందో ప్రతి యజమానీ తన షీటు తెరిచి చూసుకోవాలి.